‘మన మిత్ర’కు మీరు పంపే ‘హాయ్’ను మోసేది ఎవరి కోడ్? ఉచిత ప్యాకేజీల మీద నడుస్తున్న ప్రజా సేవలు, వాటి బాగోగులు

జగ్గయ్యపేటలో ఇంటి పన్ను కట్టాలన్నా, నందిగామలో కరెంటు బిల్లు చూసుకోవాలన్నా ఇప్పుడు చాలామంది ముందు తెరిచేది వాట్సాప్‌నే. 95523 00009 నంబరుకు ‘హాయ్’ అని పంపితే ‘మన మిత్ర’ పలుకుతుంది. ఏ శాఖ సేవ కావాలో ఎంచుకోమంటుంది.

మీ ‘హాయ్’ ప్రభుత్వ సర్వర్‌కు చేరేలోపు వాట్సాప్ సర్వర్ల గుండా వెళ్తుంది. ఆ సర్వర్లకు పునాది ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాష. స్వీడన్ టెలికాం కంపెనీ ఎరిక్సన్‌లో పుట్టిన ఈ భాష కోడ్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఈ భాషతో పాటు వచ్చే ఒక లైబ్రరీలో 2025 ఏప్రిల్‌లో ఓ లోపం బయటపడింది. దాని తీవ్రత పదికి పది.

ఎక్కడో యూరప్‌లో రాసిన ఉచిత కోడ్‌కీ, ఎన్టీఆర్ జిల్లాలో మీరు కట్టే పన్నుకీ సంబంధం ఏమిటి? ఆ కోడ్‌ను ఎవరు చూసుకుంటున్నారు? అందులో తప్పు దొర్లితే బాధ్యత ఎవరిది? ఒక్కొక్కటిగా చూద్దాం.

మన మిత్ర ఎలా పనిచేస్తుంది?

వాట్సాప్ ద్వారా పౌర సేవలు అందించేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులో మెటా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న మంత్రి నారా లోకేశ్ ఈ సేవను ప్రారంభించారు. తొలి విడతలో 161 సేవలు పెట్టారు. దేవాదాయ, ఇంధన, ఆర్టీసీ, రెవెన్యూ, మున్సిపల్ వంటి శాఖలు అందులో ఉన్నాయి. ఆ తర్వాత సేవల సంఖ్య పెరుగుతూ వచ్చింది. ఇంటర్ విద్యార్థుల హాల్ టికెట్లు కూడా ఇందులోనే ఇచ్చారు.

మీరు మెసేజ్ పంపాక జరిగేది మూడు దశలుగా అర్థం చేసుకోవచ్చు. మొదటిది, మీ ఫోన్‌లోని వాట్సాప్ యాప్. రెండోది, వాట్సాప్ సర్వర్లు. మీ మెసేజ్‌ను అందుకుని, అవతలివైపు చేర్చేది ఇవే. మూడోది, ప్రభుత్వం వైపు ఉండే సర్వర్లు. మీ పన్ను ఎంత, మీ దరఖాస్తు ఎక్కడుంది అన్న వివరాలు ఇక్కడ ఉంటాయి.

ఎర్లాంగ్ ఉన్నది రెండో దశలో. అంటే మీ ఆస్తి పన్ను లెక్క ఎర్లాంగ్‌లో జరుగుతోందని కాదు. ఆ లెక్క అడిగే మెసేజ్‌నూ, దానికొచ్చే జవాబునూ మోసే బండి ఎర్లాంగ్‌ది.

ఈ మూడు దశల్లో ఏ ఒక్కటి ఆగినా మీకు కనిపించేది ఒకటే: జవాబు రాలేదు.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంటే?

కరెంటు బిల్లు ఉదాహరణ తీసుకోండి. యూనిట్లు ఇన్ని, శ్లాబు ఇది అని ఇస్తే బిల్లు ఎంతో వస్తుంది. అవే యూనిట్లు, అదే శ్లాబు ఎన్నిసార్లు ఇచ్చినా అదే బిల్లు రావాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రాకూడదు. ఒకటి ఇస్తే, దానికి కచ్చితంగా ఒక జవాబు ఇచ్చే ఇలాంటి లెక్కను ఫంక్షన్ అంటారు. ప్రోగ్రామ్ మొత్తాన్ని ఇలాంటి ఫంక్షన్లను జతచేస్తూ కట్టే పద్ధతే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్.

మామూలు పద్ధతిలో చాలాసార్లు ఒకే ఖాతా పుస్తకంలో నలుగురు గుమస్తాలు ఒకేసారి రాస్తున్నట్టు ఉంటుంది. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేసే ప్రమాదం ఉంటుంది. ఫంక్షనల్ పద్ధతిలో రాసిన అంకెను దిద్దరు. కొత్త లెక్క వస్తే కొత్త కాగితం మీద రాస్తారు. లక్షల మంది ఒకేసారి వాడే సేవల్లో ఈ క్రమశిక్షణ బాగా పనికొస్తుంది.

ఎర్లాంగ్ దీనికి ఇంకొకటి జోడించింది. పనిని వేలు, లక్షల చిన్న చిన్న ప్రాసెస్‌లుగా విడగొడుతుంది. ఒక ప్రాసెస్ జ్ఞాపకాన్ని ఇంకొకటి ముట్టుకోదు. ఏం కావాలన్నా మెసేజ్ పంపుకోవాల్సిందే. ఒకటి పాడైతే దాన్ని ఆపేసి, పైనున్న సూపర్‌వైజర్ కొత్తదాన్ని మొదలుపెడుతుంది. ఆర్టీసీ డిపోలో ఒక బస్సు దారిలో ఆగిపోతే మిగతా సర్వీసులు ఆగవు కదా, డిపో నుంచి ఇంకో బస్సు పంపుతారు. దాదాపు అలాగే.

ఎరిక్సన్ నుంచి వాట్సాప్ వరకు

ఎర్లాంగ్ 1986లో ఎరిక్సన్ పరిశోధనశాలలో మొదలైంది. జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ దీని రూపకర్తలు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ఏళ్ల తరబడి ఆగకుండా నడవాలన్నది వాళ్ల ముందున్న సమస్య. టెలిఫోన్ రద్దీని గణితంతో లెక్కగట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ పేరునే ఈ భాషకు పెట్టారు. 1998లో ఎరిక్సన్ దీన్ని ఓపెన్ సోర్స్ చేసింది.

2009లో జాన్ కౌమ్, బ్రయాన్ యాక్టన్ వాట్సాప్ పెట్టినప్పుడు సర్వర్‌ను మొత్తం సొంతంగా రాయలేదు. అప్పటికే ఎర్లాంగ్‌లో రాసి ఉన్న ఈజాబర్డ్ అనే ఓపెన్ సోర్స్ మెసేజింగ్ సర్వర్‌తో మొదలుపెట్టారు. దాన్ని అలెక్సీ షెపిన్ అనే ప్రోగ్రామర్ 2002లో ప్రారంభించారు. వాట్సాప్ దాన్ని తన అవసరాలకు తగ్గట్టు మార్చుకుంటూ వెళ్లింది. 2012 నాటికి ఒక్కో సర్వర్ మీద 20 లక్షలకు పైగా కనెక్షన్లు మోయగలిగినట్టు ఆ కంపెనీ ప్రకటించింది. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు చెప్పేనాటికి వాట్సాప్‌కు 45 కోట్ల మంది వినియోగదారులున్నారు. ఇంజినీర్లు మాత్రం కొన్ని పదుల మందే.

అంత తక్కువ మందితో అంత పెద్ద సేవ నడవడానికి ఒక కారణం, కష్టమైన పని చాలావరకు ముందే ఎవరో చేసి ఉచితంగా పెట్టడం.

లైబ్రరీ, ప్యాకేజీ అంటే ఏమిటి?

జగ్గయ్యపేట పాఠకులకు సిమెంటు గురించి చెప్పనక్కర్లేదు. జయంతిపురం, ముక్త్యాల ఫ్యాక్టరీల బస్తాలు రోజూ లారీల్లో వెళ్తుంటాయి. ఇల్లు కట్టే మేస్త్రీ సిమెంటు తయారుచేయడు. బస్తా తెచ్చుకుంటాడు. ప్రోగ్రామర్ కూడా అంతే. తేదీని లెక్కించడం, పాస్‌వర్డ్‌ను దాచడం, డేటాబేస్‌తో మాట్లాడటం లాంటి పనులకు ముందే రాసి పెట్టిన కోడ్‌ను తెచ్చుకుంటాడు. దాన్ని లైబ్రరీ అంటారు. పేరు, వెర్షన్ నంబరు వేసి అందరికీ అందేలా కట్టిన మూటే ప్యాకేజీ.

ఒక్కో భాషకు ఒక్కో ప్యాకేజీల గోదాము ఉంటుంది. ఎర్లాంగ్‌కూ, దాని మీద పుట్టిన ఎలిక్సిర్ భాషకూ ‘హెక్స్’ ఉంది. హాస్కెల్ అనే ఇంకో ఫంక్షనల్ భాషకు ‘హ్యాకేజ్’ ఉంది. ఎవరు రాశారు, ఎవరు చూసుకుంటున్నారు, చివరగా ఎప్పుడు మార్చారు, ఇది మళ్లీ ఏ ప్యాకేజీల మీద ఆధారపడింది అన్నవన్నీ అక్కడ ఎవరైనా చూడొచ్చు.

అసలు చిక్కు ఈ ఆఖరి మాటలో ఉంది. మీరు ఒక ప్యాకేజీ తెచ్చుకుంటే అది ఇంకో ఐదింటిని వెంటబెట్టుకొస్తుంది. ఆ ఐదూ ఇంకో పాతికను. ప్రోగ్రామర్ కోరి తెచ్చుకున్నవి పది అయితే, నిజంగా సర్వర్‌లోకి చేరేవి వందల్లో ఉండొచ్చు. వాటన్నిటినీ చదివి చూసేవాళ్లు అరుదు.

సిమెంటుతో ఇంకో తేడా కూడా ఉంది. బస్తా మీద ఐఎస్ఐ గుర్తు, గ్రేడు, తయారైన వారం ఉంటాయి. నాసిరకం వస్తే కంపెనీని నిలదీయొచ్చు. ఉచిత ప్యాకేజీ లైసెన్సుల్లో దాదాపు అన్నిటిలోనూ ఒక వాక్యం కనిపిస్తుంది: ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఎలాంటి హామీ లేదు. ఉచితంగా ఇచ్చినవారిని అంతకంటే అడగడం న్యాయమూ కాదు. అందుకే పరీక్షించే బాధ్యత తీసుకుని వాడుకున్నవారిదే అవుతుంది.

హైదరాబాద్ ఆటోలో హాస్కెల్

ఎర్లాంగ్ కథ మనకు దూరంగా అనిపిస్తే, దగ్గరి ఉదాహరణ ఒకటుంది. బెంగళూరులో 2022లో మొదలైన ‘నమ్మ యాత్రి’ ఆటో యాప్. ఆటో డ్రైవర్ల యూనియన్, పేమెంట్ల సాంకేతిక కంపెనీ జస్‌పే కలిసి తెచ్చిన ఈ యాప్ డ్రైవర్ నుంచి ప్రతి ట్రిప్పుకూ కమీషన్ తీసుకోదు. అదే వేదిక హైదరాబాద్‌లో ‘మన యాత్రి’ పేరుతో వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ప్రోత్సాహంతో ఏర్పాటైన ఓఎన్‌డీసీ నెట్‌వర్క్‌తో ఇది పనిచేస్తుంది. నందిగామ నుంచి బస్సులో వెళ్లి ఎల్బీనగర్‌లో దిగి ఈ యాప్‌లో ఆటో పిలిస్తే, మీ పిలుపును డ్రైవర్‌కు చేర్చే సర్వర్ కోడ్ హాస్కెల్‌లో ఉంటుంది. యాప్ భాగంలో ప్యూర్‌స్క్రిప్ట్ అనే మరో ఫంక్షనల్ భాష వాడారు.

ఈ కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా ఉంది. లైసెన్సు ఏజీపీఎల్. ఎవరైనా ఈ కోడ్‌ను మార్చి దాంతో నెట్‌లో సేవ నడిపితే, మార్చిన కోడ్‌ను ఆ సేవ వాడేవారికి అందుబాటులో పెట్టాలన్నది ఈ లైసెన్సు షరతు. ఎర్లాంగ్‌ది అపాచీ లైసెన్సు. దానిలో ఈ షరతు లేదు. మార్చుకున్న కోడ్‌ను కంపెనీ తన దగ్గరే ఉంచుకోవచ్చు. ప్రజల డబ్బుతో కట్టే సేవలకు ఏ లైసెన్సు తీసుకోవాలన్న చర్చ ఇక్కడే మొదలవుతుంది.

హాస్కెల్ కూడా కొత్తదేమీ కాదు. 1987లో కొందరు విశ్వవిద్యాలయ పరిశోధకులు కమిటీగా కూడి మొదలుపెట్టారు. 1990లో తొలి నిర్వచనం వచ్చింది. తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు పెట్టారు. రూపాయలు ఉండాల్సిన చోట కిలోమీటర్లు పెడితే ప్రోగ్రామ్ నడవకముందే తప్పు చూపించేలా కోడ్ రాసుకునే వీలు ఈ భాషలో ఉంది. డబ్బుతో పనిచేసే కంపెనీలు దీన్ని ఇష్టపడటానికి అదో కారణం.

అయితే భాష ఎంత పకడ్బందీగా ఉన్నా ప్యాకేజీల బెడద తప్పదు. హాస్కెల్‌లో జేసన్ డేటాను చదవడానికి దాదాపు అందరూ వాడే ‘ఈసన్’ అనే ప్యాకేజీ ఉంది. కావాలని వంకరగా తయారుచేసిన చిన్న డేటాను పంపి సర్వర్‌ను ఉక్కిరిబిక్కిరి చేయొచ్చని 2021లో తేలింది. లోపం నిజానికి ఈసన్ కింద ఉన్న మరో ప్యాకేజీ పద్ధతిలో ఉంది. ఆ ఏడాదే వచ్చిన 2.0 వెర్షన్‌లో దారి మార్చారు. ఇలాంటి లోపాలను ఒకచోట నమోదు చేసి హెచ్చరించడానికి హాస్కెల్ సముదాయం 2023లో ప్రత్యేక భద్రతా బృందాన్ని ఏర్పాటు చేసుకుంది.

2025 ఏప్రిల్‌లో ఏం జరిగింది?

ఇప్పుడు మొదట చెప్పిన పదికి పది లోపం దగ్గరకు వద్దాం.

దూరంగా ఉన్న సర్వర్‌లోకి నిర్వాహకులు లాగిన్ కావడానికి ఎస్ఎస్‌హెచ్ అనే పద్ధతి వాడతారు. ఎర్లాంగ్‌తో పాటు వచ్చే లైబ్రరీల్లో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కూడా ఒకటి. లోపలికి వచ్చేవారు ముందు తామెవరో నిరూపించుకోవాలి, ఆ తర్వాతే ఆదేశాలు ఇవ్వాలి. ఈ లైబ్రరీ మాత్రం నిరూపించుకోకముందే పంపిన కొన్ని ఆదేశాలను కూడా తీసుకుని అమలు చేసేసేది. వాచ్‌మన్ గుర్తింపు కార్డు అడిగేలోపే తలుపు తీసినట్టు.

జర్మనీలోని బోకుమ్ రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని కనిపెట్టారు. 2025 ఏప్రిల్ 16న ప్రకటన వెలువడింది. దీనికి సీవీఈ-2025-32433 అన్న నంబరు ఇచ్చారు. అప్పటికే 25, 26, 27 వెర్షన్లకు సరిచేసిన కోడ్ సిద్ధం చేశారు. ఆ ఏడాది జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా ఈ లోపాన్ని, దాడుల్లో నిజంగా వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది.

దీన్ని చదివి మీ వాట్సాప్ హ్యాక్ అయిందని కంగారుపడక్కర్లేదు. ఎర్లాంగ్ వాడే ప్రతి సేవా ఈ ఎస్ఎస్‌హెచ్ భాగాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచదు. ఆ తలుపే లేని ఇంటికి ఆ తాళం లోపంతో పని లేదు. అయితే ఎర్లాంగ్ వాట్సాప్‌లోనే కాదు, టెలికాం పరికరాల్లో, నెట్‌వర్క్ పరికరాల్లో, పరిశ్రమల యంత్రాల్లో కూడా ఉంటుంది. ఆ పరికరం కొన్న ఆఫీసుకు లోపల ఎర్లాంగ్ ఉందన్న సంగతే తెలియకపోవచ్చు. ఉందని తెలియనివారు అప్‌డేట్ వేయరు. ప్రమాదం అక్కడ ఉంది.

ఓపెన్ సోర్స్ కాబట్టే ఈ ముప్పా?

కాదనే చెప్పాలి. పై ఉదంతంలో లోపాన్ని పట్టుకున్నది ఎర్లాంగ్‌తో సంబంధం లేని విశ్వవిద్యాలయ పరిశోధకులు. కోడ్ తెరిచి ఉంది కాబట్టే బయటివారు దాన్ని చదివి తప్పు చూపగలిగారు. కోడ్ దాచిపెట్టే కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇవే ఉచిత ప్యాకేజీలు ఉంటాయి. అక్కడ మనకు కనిపించవు, అంతే.

గత కొన్నేళ్లలో జరిగిన మూడు సంఘటనలు చూస్తే అసలు సమస్య అర్థమవుతుంది. ఇవి ఫంక్షనల్ భాషలవి కావు కానీ పాఠం ఒకటే.

మొదటిది, 2016 మార్చిలో. జావాస్క్రిప్ట్ గోదాము నుంచి ‘లెఫ్ట్ ప్యాడ్’ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఒక వివాదంలో విసిగి తీసేశారు. దాని మీద ఆధారపడిన వేల ప్రాజెక్టులు కట్టుబడి కాకుండా ఆగిపోయాయి.

రెండోది, 2021 డిసెంబరులో. జావాలో లాగ్‌లు రాసే ‘లాగ్‌ఫర్‌జే’ ప్యాకేజీలో లోపం ప్రపంచమంతటా సర్వర్లను ప్రమాదంలో పడేసింది. దాన్ని సరిచేయడానికి నిద్ర మానుకుని పనిచేసినవారిలో చాలామంది జీతం లేని స్వచ్ఛంద ప్రోగ్రామర్లు.

మూడోది, 2024 మార్చిలో. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ ప్యాకేజీని ఏళ్లుగా దాదాపు ఒక్కరే చూసుకుంటున్నారు. అలసిపోయిన ఆ మనిషికి సాయం చేస్తానంటూ ఒక మారుపేరు మనిషి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి కోడ్‌లో దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని అనుమానించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వి చూసి బయటపెట్టారు. లేకుంటే అది లక్షల సర్వర్లకు చేరేది.

మూడింటిలోనూ ఉన్నది ఒకటే: ప్రపంచమంతా వాడుకుంటోంది, చూసుకునేది మాత్రం ఒకరో ఇద్దరో. ఆ ఒకరికి ఒంట్లో బాగోకపోయినా, విసుగొచ్చినా, మోసపోయినా ప్రభావం అందరి మీదా పడుతుంది.

ఈ ప్రాంతం వారికి ఇది కొత్త అనుభవమేమీ కాదు. 2024 సెప్టెంబరు 1 నాటి వరదల్లో నందిగామ మండలం ఐతవరం దగ్గర మునేరు నీరు జాతీయ రహదారిని ముంచెత్తింది. హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. మిగతా దారి ఎంత బాగున్నా ఆ ఒక్కచోట దెబ్బతింటే మొత్తం దారి ఆగినట్టే. సాఫ్ట్‌వేర్‌లో ఆ ‘ఐతవరం’ ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

అన్ని అంతరాయాలకూ ప్యాకేజీలే కారణం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 2021 అక్టోబరు 4న వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. అప్పుడు ఎర్లాంగ్ తప్పేమీ లేదు. కంపెనీ నెట్‌వర్క్ దారులను మార్చే పనిలో జరిగిన పొరపాటు అది. కానీ ఆ రోజున దరఖాస్తుకు చివరి తేదీ ఉన్న మనిషికి కారణం ఏదైతేనేం?

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి?

కేంద్ర ప్రభుత్వం 2015లోనే తన విభాగాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. వాడమని చెప్పడం వరకు అది మంచి అడుగు. వాడుతున్న వాటిని ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న తర్వాత ముందుకొచ్చింది.

2024 అక్టోబరులో సెర్ట్-ఇన్ సంస్థ ‘సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్’ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పేరు పెద్దది, విషయం చిన్నది. ఇల్లు కట్టిన కాంట్రాక్టరు ఏ కంపెనీ సిమెంటు, ఎంత మందం ఇనుము వాడాడో చిట్టా ఇచ్చినట్టు, సాఫ్ట్‌వేర్ అమ్మేవారు అందులో ఏయే ప్యాకేజీలు, ఏ వెర్షన్లు ఉన్నాయో జాబితా ఇవ్వాలి. ప్రభుత్వ విభాగాలు, ప్రభుత్వ రంగ సంస్థలు, అత్యవసర సేవలు అందించేవారిని ఉద్దేశించి దీన్ని రూపొందించారు. 2025 జులైలో దీన్ని విస్తరించి రెండో వెర్షన్ ఇచ్చారు.

ఈ జాబితా ఉంటే ఏం లాభం? ఏప్రిల్ 16న ఎర్లాంగ్ లోపం బయటపడిందనుకోండి. జాబితా ఉన్న ఆఫీసు ఆ సాయంత్రానికే తన సర్వర్లలో అది ఉందో లేదో చెప్పగలదు. లేని ఆఫీసు ప్రతి కాంట్రాక్టరుకూ ఉత్తరాలు రాసి జవాబుల కోసం చూస్తూ కూర్చుంటుంది. ఈలోగా దాడి చేసేవారు ఆగరు.

జాబితా చేయడం కష్టమైన పనేమీ కాదు. ఎర్లాంగ్, ఎలిక్సిర్, హాస్కెల్ ప్రాజెక్టుల్లో ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ తీసుకున్నారో రాసుకునే లాక్ ఫైలు పద్ధతి ఉంది. నమ్మ యాత్రి ప్రాజెక్టు ‘నిక్స్’ అనే సాధనంతో ఈ వివరాలను బిగించి పెట్టుకుంది. ఏ ఇంజినీరు తన కంప్యూటర్‌లో కట్టినా ఒకే రకంగా రావాలన్నది దీని ఉద్దేశం. కావాల్సింది ఆ జాబితాను అడిగి తీసుకుని, నెలనెలా సరిచూసే మనిషి.

డబ్బు సంగతి?

ఉచితంగా దొరికేదాన్ని చూసుకోవడానికి ఖర్చవుతుంది. ఎర్లాంగ్‌కు ఎరిక్సన్ ఇంజినీర్లు ఉన్నారు. 2019లో ఎర్లాంగ్ ఎకోసిస్టమ్ ఫౌండేషన్ ఏర్పడింది. వాట్సాప్ కూడా తాను రాసుకున్న ‘ఈక్వలైజర్’ వంటి తప్పులు పట్టే సాధనాలను ఓపెన్ సోర్స్‌గా తిరిగి ఇచ్చింది. హాస్కెల్‌కు 2020లో ఏర్పడిన ఫౌండేషన్ ఉంది. ఈ రెండు భాషల గుండెకాయ లాంటి భాగాలకు ఫర్వాలేదు. గోదాముల్లో ఉన్న వేలాది చిన్న ప్యాకేజీలకే దిక్కు లేదు.

జర్మనీ ప్రభుత్వం 2022లో సావరిన్ టెక్ ఫండ్ పెట్టి, అందరూ వాడే ఓపెన్ సోర్స్ భాగాల నిర్వహణకు ప్రజాధనం ఇస్తోంది. రోడ్లకు, వంతెనలకు మరమ్మతు నిధులు ఇచ్చినట్టే ఇదీ అన్నది వాళ్ల వాదన. మన దేశంలో ప్రైవేటు రంగం నుంచి స్టాక్ బ్రోకింగ్ సంస్థ జెరోధా 2024 అక్టోబరులో ఏటా 10 లక్షల డాలర్ల ఫ్లాస్ ఫండ్ ప్రకటించింది. వందల సేవలను సాఫ్ట్‌వేర్ మీదికి తెచ్చిన ప్రభుత్వాలు ఆ బడ్జెట్‌లో చిన్న వాటానైనా కింది ప్యాకేజీల మరమ్మతుకు కేటాయించడం న్యాయం. మునిగాక చేసే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

డబ్బే ఇవ్వాలని కూడా లేదు. ప్రభుత్వ కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ ఒక ప్యాకేజీలో తప్పు సరిచేస్తే, ఆ సవరణను అసలు ప్యాకేజీకి తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో ఒక్క షరతు పెట్టినా చాలు. లేకుంటే ప్రతి రాష్ట్రమూ అదే తప్పును విడివిడిగా సరిచేసుకుంటూ విడివిడిగా బిల్లులు కడుతుంది.

మీరు చూసుకోవాల్సినవి

వాట్సాప్ యాప్‌ను ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచే తీసుకోండి, అప్‌డేట్లు వాయిదా వేయకండి. భద్రతా సవరణలు మీ ఫోన్‌కు చేరేది వాటితోనే.

మన మిత్ర నంబరును ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఖాతా పేరు పక్కన ధ్రువీకరణ గుర్తు చూసుకోండి. ఎవరో పంపిన లింకు ద్వారా పన్ను కట్టకండి, ఓటీపీ చెప్పకండి.

డబ్బు కట్టాక వచ్చే రసీదును, దరఖాస్తు నంబరును వేరే చోట దాచుకోండి. చాట్ పోయినా అవి మీ దగ్గర ఉంటాయి.

చివరి రోజు వరకు ఆగకండి. వాట్సాప్‌లో జవాబు రాకపోతే సచివాలయం, మీసేవ, ఆయా శాఖల వెబ్‌సైట్లు ఉన్నాయని గుర్తుంచుకోండి. వాట్సాప్ వచ్చింది కదా అని కౌంటర్లు మూసేయాలన్న ఆలోచన ఎక్కడైనా వస్తే ప్రశ్నించాల్సిందీ మీరే. స్మార్ట్‌ఫోన్ లేనివారికి అది ఒక్కటే దారి, మనకు అది రెండో దారి.

ఇంజినీరింగ్ చదువుతున్నవారు హెక్స్‌లోనో, హ్యాకేజ్‌లోనో ఒక ప్యాకేజీని ఎంచుకుని చదవడం మొదలుపెట్టొచ్చు. విజయవాడ చుట్టుపక్కల కాలేజీల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులకు కొని తెచ్చే రెడీమేడ్ కోడ్ కన్నా, నలుగురు వాడే ప్యాకేజీలో సరిచేసిన ఒక చిన్న తప్పు ఉద్యోగ ఇంటర్వ్యూలో ఎక్కువ విలువ తెస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ‘స్వేచ్ఛ’ సంస్థ ఇలాంటి పనికి విద్యార్థులను ఏళ్లుగా ప్రోత్సహిస్తోంది.

చివరగా, సమాచార హక్కు చట్టం కింద మీరు అడగగలిగేది ఒకటుంది. ఫలానా పౌర సేవ సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో ప్యాకేజీల జాబితా ఇవ్వాలన్న షరతు ఉందా? తీవ్రమైన లోపం బయటపడితే ఎన్ని రోజుల్లో సరిచేయాలని రాసుకున్నారు? భద్రత పేరుతో జాబితాను మీకు ఇవ్వకపోవచ్చు, అందులో కొంత న్యాయం ఉంది. కానీ షరతు ఉందో లేదో, గడువు ఎన్ని రోజులో చెప్పడానికి భద్రత అడ్డు రాదు. దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.